ఆకు ఉన్న కవరు

ఖర్చులకి డబ్బు మంజూరు కాక అమెరికా ప్రభుత్వం మూతపడ్డ ఆ శీతాకాలం మమ్మల్ని జీతం లేకుండా ఇళ్లలో కూర్చోబెట్టారు. ఉత్తరాలకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అవి రోజూ వచ్చి పడుతూనే ఉన్నాయి. జనవరి చివర్లో పనిలోకి రమ్మంటే, కవింగ్టన్‌లో మా పన్నుల ఆఫీసు తలుపు తోసుకుని వెళ్లి గుమ్మంలోనే నిలబడిపోయాను. కాలు పెట్టడానికి చోటు లేదు. కవర్లు నింపిన ప్లాస్టిక్ తొట్లు ఛాతీ ఎత్తున పేర్చి ఉన్నాయి. అవి చాలక బయట కార్లు పెట్టుకునే చోట లారీలు నిలబెట్టి వాటిలోనూ కుక్కారు. గదంతా తడిసి ఆరిన కాగితం వాసన.

"ఇవన్నీ విప్పేసరికి నా ప్రాణం పోతుంది," అన్నాను.

"మొదటి జీతం పడేదాకా ఆగండి బెర్నీ గారూ. ఆ తర్వాత మీ ఇష్టం," అన్నాడు డార్నెల్. మా వరస బల్లలకి అతనే పెద్ద. వయసుకి నా కడుపున పుట్టాల్సినవాడు, నోరు మాత్రం నాకు తగినదే.

మా పని చెప్పుకోవడానికి తేలిక. జనం కాగితాల మీద రాసి పంపిన పన్ను లెక్కల కవర్లని యంత్రం అంచు కోసి ఇస్తుంది. మేము లోపలివి బయటికి తీసి, ఏ దొంతరలో వేయాల్సినవి ఆ దొంతరలో వేస్తాం. ఖాళీ అయిన కవరును పారేసే ముందు, కింద బల్బు వెలిగే గాజు బల్ల మీద పెట్టి చూడాలి. లోపల చెక్కో చీటీయో అతుక్కుపోయి ఉంటే నీడ కనబడుతుంది. అలా చూడకుండా ఒక్క కవరూ బుట్టలోకి వెళ్లకూడదు. పన్నుతో సంబంధం లేని పనికిరాని వస్తువు దొరికితే అదీ బుట్టలోకే.

ఎన్ని దొరికేవో. బిస్కెట్ పొడి, వాడేసిన బ్యాండేజీ, మమ్మల్ని వరస కట్టి తిట్టిన చీటీలు. వీటితో పాటు ఏటా ఒక్క కవరులో ఒక ఎండుటాకు వచ్చేది. ఎవరి బల్ల మీదికి వస్తే వాళ్లు దాన్ని పైకెత్తి, "ఆకు రాజు పన్ను కట్టేశాడర్రా," అనేవాళ్లు. అందరం నవ్వుకుని బుట్టలో పడేసేవాళ్లం. ఆ గదిలో మాకున్న పండగ అదొక్కటే.

ఈ పండగ సంగతి తెలియని మనిషి వర్లీన్. ఒకప్పుడు ఆవిడది నా పక్క బల్లే. కూతురు టెస్సా ఇల్లు విడిచి వెళ్లిపోయిన ఏడు, ఇక కవర్లు విప్పడం నా వల్ల కాదని అడిగి మరీ, భవనం అవతలి కొసన కాగితాలకి నంబర్లు గుద్దే పనికి మారిపోయింది. మా గదివైపు మళ్లీ తొంగి చూడలేదు. ఇప్పుడు ఈ గుట్టలు తరగాలంటే ఉన్నవాళ్లు చాలరని అన్ని గదుల నుంచీ మనుషుల్ని మా దగ్గరికి లాక్కొచ్చారు. అలా వర్లీన్ మళ్లీ నా పక్కకి వచ్చింది. వచ్చే ఏడు నుంచి కాగితాల పని మొత్తం కాన్సస్ సిటీకి పోతుందనీ, ఇక్కడ మాకు ఇదే ఆఖరి సీజన్ అనీ అప్పటికే చెప్పేశారు.

ఈస్టర్ ముందు శుక్రవారాల్లో మా చర్చి హాల్లో చేపలు వేయిస్తారు. ఆ ఏడు ప్రభుత్వ ఉద్యోగులకి ఉచితమన్నారు. వర్లీనూ నేనూ పళ్లేలు పట్టుకుని ఒక మూల కూర్చున్నాం. అడగకుండా ఉంటే నేను బెర్నీని ఎలా అవుతాను?

"టెస్సా సంగతేమైనా తెలిసిందా?"

వర్లీన్ తల అడ్డంగా ఊపింది. "అదే ఇల్లు, అదే ఫోన్ నంబరు. గోడల రంగు కూడా మార్చలేదే. అది ఎప్పుడైనా కారులో పోతూ చూస్తే పోల్చుకోలేదేమోనని భయం."

"అసలు ఎందుకు పోయింది?"

"వాళ్ల నాన్న దాని పేరున ఉత్తరం రాశాడు. మమ్మల్ని వదిలేసి పోయిన మనిషి, ఇన్నేళ్లకి దానికి ఏం రాశాడోనని విప్పాను. చదివి, మళ్లీ అతికించి పెట్టాను. అతికించడం నాకంటే ఎవరికొచ్చు? అయినా కనిపెట్టింది. పోతూ ఒకటే మాట అంది. లోకంలో అందరి కవర్లూ విప్పుతావు కదా, నాదొక్కటి వదల్లేకపోయావా అమ్మా, అని."

"నేనైనా విప్పేదాన్నే."

"నువ్వు అతికించేదానివి కూడా కాదులే," అంది. నవ్వబోయింది గానీ నోరు వంకరపోయింది. చేప ముక్క చల్లారిపోయేదాకా దాన్ని ఫోర్కుతో కదుపుతూనే కూర్చుంది.

ఏప్రిల్ వచ్చినా మేము ఇంకా జనవరి కవర్లలోనే ఉన్నాం. పాతవి వెనక్కి నెట్టి కొత్తవి ముందు పేర్చారు కాబట్టి అడుగున ఉన్నవి ఆఖరికి బయటపడ్డాయి. ఎక్కువ కట్టిన పన్ను వెనక్కి రావాలి, మా డబ్బు ఎక్కడని ఫోన్లలో జనం దుమ్మెత్తి పోస్తున్నారు. ఆ మధ్యాహ్నం నేను నా దొంతర సర్దుకుంటుంటే పక్క బల్ల దగ్గర చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూశాను. వర్లీన్ ముందు ఒక కవరు ఉంది. పంపినవాళ్ల పేరూ ఊరూ రాసే మూలని అరచేత్తో గట్టిగా అదిమిపెట్టి, కళ్లు మూసుకుని కూర్చుంది.

"ఏమైందే?"

"డార్నెల్‌ని పిలు. ఇది టెస్సా రాత."

మా దగ్గర ఒక కట్టడి ఉంది. సొంతవాళ్ల కాగితం కంటబడితే ఇక దాన్ని చూడకూడదు. పెద్దని పిలిచి అప్పగించాలి. తప్పితే ఉద్యోగం పోతుంది, కోర్టుకీ ఎక్కిస్తారు. అదంతా నాకు తెలుసు. అయినా ఆ చెయ్యి చూస్తుంటే నాకు ఒళ్లు మండింది. కూతురు ఎక్కడుందో అన్నేళ్లుగా కలవరిస్తున్న మనిషి, ఆ ఊరి పేరు తన అరచేతి కింద ఉంటే కళ్లు మూసుకోవడమేంటి?

ఆవిడ మీదికి వంగి గుసగుసగా అన్నాను. "ఒక్కసారి చెయ్యి తియ్యి. నేను అటు తిరుగుతాను. చచ్చినా ఎవరికీ చెప్పను."

"పిలవమన్నానా."

"ఇంత రాయి గుండె ఏంటే నీది? మళ్లీ ఇంకెప్పుడు దొరుకుతుంది?"

"దొరకదు," అంది. మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. "కానీ ఇది నాకు రాసింది కాదే బెర్నీ. దాని కవరు ఇంకోటి నేను చూడను."

డార్నెల్ వచ్చాడు. సంగతి విని, ఆవిడ చెయ్యి తీసేలోపే తన చేతిలో పుస్తకం ఆ మూల మీద పెట్టి కవరు అందుకున్నాడు. కాగితాలు తీసి వేరే బల్లకి పంపాడు. ఖాళీ కవరును, కట్టడి ప్రకారం, మా ఎదురుగా ఉన్న గాజు బల్ల మీద బోర్లా పెట్టాడు. కింది వెలుగులో నీడ తేలింది. ఈనెలతో సహా కనబడింది.

"ఆకు రాజు," అన్నాన్నేను. నోరు ఎప్పుడూ నాకంటే ముందే ఉంటుంది. అలవాటు కొద్దీ నవ్వబోతూ వర్లీన్ ముఖం చూసి ఆగిపోయాను.

ఆవిడ లేచి నిలబడింది. డార్నెల్ ఆకు బయటికి తీసి, అలవాటు కొద్దీ తనూ బుట్ట వైపు చెయ్యి చాపాడు.

"ఆగు నాయనా," అంది వర్లీన్. "అది మాత్రం నాకు."

మెల్లిగా చెప్పింది. టెస్సా చిన్నప్పుడు ఈవిడ ఇంట్లో కూడా ఏ కవరునీ ఊరికే పారేసేది కాదట. వంటింటి లైటుకి ఎత్తి పట్టి చూసి గానీ వదిలేది కాదు. అది కనిపెట్టిన పిల్ల కరెంటు బిల్లు కవర్లలో ఆకులు దాచేది. ఈవిడ ఎత్తి చూసి, "ఇంకా ఏదో ఉందే," అనేది. పిల్ల బల్ల కింద నుంచి పకపకా నవ్వేది. ఈవిడ వేరే పనికి మారిపోయినట్టు టెస్సాకి తెలియదు. అమ్మ ఇంకా గాజు బల్ల దగ్గరే ఉందనుకుంది.

"ఇన్నేళ్లలో ఇదే మొదటిసారా?" అని అడిగింది వర్లీన్.

నేనూ డార్నెల్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అతనే చెప్పాడు. "ఏటా వచ్చేదండీ వర్లీన్ గారూ."

"ఏం ఆకులు?"

మేమిద్దరం బుట్ట వైపు చూశాం. ఆ సాయంత్రం ఆవిడ ఒక్కొక్క బల్ల దగ్గరికీ వెళ్లి అదే అడిగింది. మీకు వచ్చిందా, ఎలా ఉంది, ఏ రంగు, చిరిగిందా. ఒకామె ఎర్రగా మేపుల్ ఆకులా ఉందంది. ఒకతను పొడుగ్గా, సన్నగా ఉందన్నాడు. మిగతావాళ్లకి నవ్విన సంగతి గుర్తుంది గానీ ఆకు గుర్తు లేదు. వర్లీన్ ఎవర్నీ ఏమీ అనలేదు, ప్రతి ఒక్కరికీ థాంక్స్ చెప్పి తర్వాతి బల్లకి వెళ్లింది.

నేల మీది చెత్త ఎవరు ఏరుకున్నా తనకి పట్టదని చెప్పి డార్నెల్ ఆ ఆకును నేల మీదికి వదిలేశాడు. కవరును మాత్రం తీసుకుపోయి ముక్కలు చేసే డబ్బాలో వేశాడు.

సెప్టెంబరులో కేక్ కోసి మమ్మల్ని సాగనంపారు. మేమంతా చేతిలో పెట్టిన డబ్బు తీసుకుని ఇంటిదారి పట్టాం. వర్లీన్ ఒక్కతే కాన్సస్ సిటీకి బదిలీ అడిగింది. అక్కడ కవర్లు విప్పే గదికే.

"మతి పోయిందా? ఈ వయసులో పోయి అద్దె గదిలో ఉంటావా?" అన్నాను.

"వచ్చే ఏడు ఆకు అక్కడికే పోతుందే. వాళ్లకి తెలీదు, పారేస్తారు."

"ఈలోపు పిల్ల ఇంటికొస్తే?"

సంచిలోంచి తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. అదీ ముందే ఆలోచించుకుంది. "పొద్దుపోయేసరికి వెళ్లి వంటింట్లో లైటు వెయ్యి. దానికి ఆ లైటే గుర్తు."

తిట్టుకుంటూనే వెళ్లేదాన్ని. మంచు పడ్డా వెళ్లాను. లైటు వేసి, ఆవిడ కుర్చీలో కాసేపు కూర్చునేదాన్ని. ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఆ ఒక్క ఆకు ఉండేది. ఆదివారాలు వర్లీన్ ఫోన్ చేసేది. అక్కడి బల్లల సంగతులు, అక్కడి మనుషుల చప్పటి జోకులు చెప్పేది. చివర్న, ఇంకా రాలేదే, అనేది. ఆ మాట తర్వాత ఫోన్ పెట్టేయడానికి ఇద్దరికీ చేతులొచ్చేవి కావు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం తలుపు తీస్తే లోపల నేల మీద ఒక కవరు పడి ఉంది. బిల్లు కాదు. ఆ చేతిరాత నేనూ ఒక్కసారి చూశాను. పన్ను కాగితాలు పంపాల్సిన ఊరు కవింగ్టన్ కాదని పిల్లకి ఈ ఏడే తెలిసినట్టుంది. అమ్మ ఇక ఆ బల్ల దగ్గర ఉండదని అనుకుని ఉంటుంది. కోటు విప్పకుండానే ఫోన్ చేశాను.

"నీకు కవరొచ్చింది. ఇంటికే. పైన నీ పేరే ఉంది."

కవరును నా వైపు తిప్పుకున్నాను.

"మూలన ఊరి పేరుంది. చదవనా?"

"ముందు చెయ్యి పెట్టి మూసెయ్. నీ సంగతి నాకు తెలీదా?"

"మూశానే తల్లీ. విప్పనా పోనీ?"

"వద్దు." ఊపిరి తీసుకోవడం వినబడింది. "వంటింటి లైటుకి పట్టి చూడు."

కుర్చీ ఎక్కి కవరును బల్బు దగ్గరికి ఎత్తాను.

"ఏదైనా ఉందా?" అంది. అరవై దాటిన మనిషి గొంతులా లేదు అది.

"ఆకుంది," అన్నాను. "ఆగు. ఇంకా ఏదో ఉందే. మడత పెట్టిన కాగితం. దాని నిండా రాత."

అవతల ఏదో కింద పడిన చప్పుడు. తర్వాత కారు తాళాలు వెతుకుతున్న గలగల. కాన్సస్ సిటీ నుంచి మా ఊరికి పగలంతా కారు నడపాలి, అదీ మంచులో. ఆ మాటే చెప్పబోయాను గానీ వర్లీన్ చెప్పనివ్వలేదు.

"నేనొస్తున్నా," అంది. "లైటు ఆర్పకు."