మా అన్నయ్య పుచ్చుకొచ్చిన తాంబూలం

మా అన్నయ్య వీరాంజనేయులు నాలుగు దేశాల్లో మన రాయబారిగా పనిచేసి, నిరుడు రిటైరై సత్తెనపల్లిలో మా పక్కింట్లో దిగాడు. అంతటివాడు ఊరికే కూర్చుంటాడా? నా ప్రాణానికొచ్చి పడ్డాడు.

దాచేపల్లి పేరయ్యగారు వాళ్ళబ్బాయికి మా అమ్మాయి బిందుమాధవిని అడిగారు. పిల్ల వద్దంది. ఆ అబ్బాయి మాట్లాడిన పది నిమిషాల్లో తొమ్మిది నిమిషాలు తన కారు గురించేనట. అదొద్దంటే నాకూ వద్దు. కానీ పేరయ్యగారు మావారికి పాతికేళ్ళ స్నేహితుడు, మా మిరప కోతలకు ఏటా కూలీలను పంపేది ఆయనే. మొహం మీద ఎలా చెప్పడమా అని మేం నలిగిపోతుంటే, అవతలివాళ్ళ మనసు నొప్పించకుండా కాదనడమే ఇన్నాళ్ళూ తన ఉద్యోగమంటూ అన్నయ్య బయల్దేరాడు.

సాయంత్రం వెలిగిపోతున్న మొహంతో వచ్చాడు. అరగంట మాట్లాడాడట. రెండు కుటుంబాల స్నేహం ఎంత గొప్పదో చెప్పాడట, ఈ సంబంధం అడగడం మాకెంత గౌరవమో చెప్పాడట, దేనికైనా తగిన సమయం రావాలన్నాడట. వాళ్ళు మురిసిపోయారట. ఎందుకు మురిసిపోరు! అప్పుడు చూశాను అతని చేతిలో పళ్ళెం. కొబ్బరికాయ, తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, పైన జాకెట్టు గుడ్డ.

"తాంబూలం పుచ్చుకున్నావా అన్నయ్యా?"

"మర్యాదగా ఇచ్చారు దుర్గా. ఇచ్చింది వద్దనకూడదని రెండు చేతులా తీసుకున్నాను."

అంతలోనే పేరయ్యగారి ఫోను, ముహూర్తం మాఘంలో పెట్టుకుందామా ఫాల్గుణంలోనా అని. బిందు గదిలోకెళ్ళి తలుపేసుకుంది. నాకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. నలుగురు పెద్దమనుషుల ముందు తాంబూలం పుచ్చుకుంటే పెళ్ళికి మాట ఇచ్చేసినట్టే. వెనక్కివ్వాలంటే పుచ్చుకున్నవాడే వెళ్ళాలి.

మర్నాడు పొద్దున్నే అన్నయ్యను కారెక్కించి పళ్ళెం ఒళ్ళో పెట్టాను. దారి పొడవునా ఏదో గొణుక్కుంటూనే ఉన్నాడు. పేరయ్యగారి వసారాలో కూర్చోగానే మళ్ళీ రెండు కుటుంబాల స్నేహం దగ్గర మొదలెట్టాడు. మోచేత్తో ఒక్క పోటు పొడిచాను.

"అమ్మాయికి ఇష్టం లేదండీ," అన్నాడు. నుదుటి నిండా చెమటలు. "నిన్న చెప్పడం నాకు చేతకాలేదు. తప్పు నాది."

పేరయ్యగారు పళ్ళెం అందుకున్నారు.

"ఆ ముక్క నిన్ననే అనుంటే చుట్టాలందరికీ ఫోన్లు చేసుకునేవాణ్ణి కాదు కదండీ," అని, నావైపు తిరిగి కోతలకు మనుషులెప్పుడు కావాలని అడిగారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

పిడుగురాళ్ళ దాటాక అన్నయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ మెల్లగా అన్నాడు.

"ముప్పై ఏళ్ళు అందరికీ ఇలాగే కాదన్నాను దుర్గా. ఏ దేశానికి ఏం ఒప్పుకొని వచ్చానో ఏమో."