నలుగురి పేర్లు

పలాసలోని ఆ జీడిపప్పు ఫ్యాక్టరీలో జగదాంబ పదిహేనేళ్లు నేలమీద కూర్చుని పప్పుకు పొట్టు తీసింది. రెండేళ్ల కిందట యజమాని జనార్దనరావు ఆమెను మేస్త్రీని చేశాడు. అప్పటినుంచి అరవైమంది ఆడవాళ్ల పని చూస్తూ తిరుగుతోంది. మొదట్లో అది గొప్పగానే ఉండేది. ఈమధ్య కాలు ఒకచోట నిలవడం లేదు.

కారణం లేకపోలేదు. వేసవిలో మందస వైపు ఊళ్లనుంచి వీళ్లను తెచ్చే బస్సు ఆపేశారు. దసరా వెళ్లగానే పని సగానికి కోశారు. ఈ సోమవారం జనార్దనరావు షెడ్డులోకి వచ్చి, ఇకమీదట నిండు పప్పుకే కూలి, విరిగినదానికి పైసా ఇవ్వనని చెప్పి వెళ్లిపోయాడు. ఎంత జాగ్రత్తగా ఒలిచినా పప్పు విరుగుతుంది. ఆ సంగతి అతనికి తెలియంది కాదు.

ఎవరూ అరవలేదు. చేతులు మాత్రం ఒక్కొక్కటే ఆగిపోయాయి.

గంటలోపే ఆఫీసు గదినుంచి పిలుపు వచ్చింది. జనార్దనరావు తెల్లకాగితం ముందుకు తోశాడు.

"ఎవులు ఎగదోస్తన్నారో నీకు తెలుసు. నలుగురి పేర్లు రాసియ్యి. మిగతావోళ్లు ఆళ్లే సర్దుకుంటారు."

"ఎవులూ ఎగదోయనేదు బాబూ. ఆకలికి ఒకలు నేర్పాలేటి?"

"మీ ఆయన డయాలసిస్‌కి సెలవులిత్తన్నాను. అది గుర్తెట్టుకో."

నిజమే. భర్త సన్యాసయ్యను వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మేస్త్రీ పని పోతే ఆ సెలవులూ పోతాయి. కాగితం పట్టుకుని షెడ్డు ఈ చివరనుంచి ఆ చివరకు మూడుసార్లు నడిచింది. ఎవరి పేరు రాయాలి? నోరున్న ప్రవల్లికదా? ఆ పిల్ల మొగుడు కిందటేడే కిడ్నీలు పాడై చనిపోయాడు. ఇద్దరు పిల్లల్ని ఇంట్లో వదిలి రోజూ నాలుగు మైళ్లు నడిచి వస్తోంది.

ప్రవల్లికే తలెత్తి అడిగింది. "ఏటప్పా ఆ కాయితం?"

అబద్ధమాడదామంటే నోరు రాలేదు. "మీ పేర్లు రాయమన్నాడే."

"అయితే నాది రాసీ. పిల్లలకి గంజి తాగించి వచ్చినాను. ఇంకేటి పోద్ది నాకు?"

"నాదీ రాయప్పా." "నాదీ." మాట వరసల వెంట పాకింది. చదువురాని ముసలమ్మలు వేలిముద్ర వేస్తామని జీడి రసానికి నల్లబడిన వేళ్లు చాచారు.

జగదాంబ కాగితాన్ని గోడకు ఆనించి ముందు తన పేరు రాసింది. "లెగండే," అంది. "రోడ్డు మీద కూకుందాం. ఇక్కడ మన గోడు ఇనేదెవులు?"

అరవైమందీ కాశీబుగ్గ కూడలిలో కూర్చున్నారు. బారువనుంచి ఎండుచేపలు అమ్మవచ్చినవాళ్లు గంపలు దించి పక్కన కూలబడ్డారు. ఆటోవాళ్లు బళ్లు అడ్డం పెట్టారు. ఎవరి బాధ వాళ్లు చెప్పుకుంటుంటే అన్నీ ఒకే ఇంటి కథలా ఉన్నాయి. పోలీసులు వచ్చి లాగితే లేచి, రెండడుగుల అవతల మళ్లీ కూర్చున్నారు. జగదాంబ జాకెట్టు భుజం దగ్గర చిరిగింది. భయం పోలేదు. అయినా లేవబుద్ధి కాలేదు.

సాయంత్రానికి జనార్దనరావు దిగివచ్చాడు. విరిగిన పప్పుకు పాత కూలే ఇస్తానన్నాడు. బస్సుకు ఒప్పుకోలేదు. జగదాంబను మేస్త్రీ పనిలోంచి తీసేశాడు.

ఇంటికెళ్లి ఆ మాట సన్యాసయ్యకు చెప్పింది. "ఆసుపత్రికి నానొక్కన్నే ఎల్తాన్లే," అన్నాడు. వెళ్లలేడని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర పక్క ఫ్యాక్టరీల ఆడవాళ్లు ఇరవైమంది దాకా కాచుకుని ఉన్నారు.

"మాకూ అదే కోత ఎట్టినారప్పా. ఏటి సేయాలో సెప్పు."

లోపల పని గంట కొట్టారు. జగదాంబ కొంగు నడుముకు దోపుకుని వాళ్లవైపు నడిచింది.