ఒకే చిరునామా

మార్చి పదకొండు, మంగళవారం. ఉదయం ఆరు నలభైకి హిల్కా వీర్స్మా మెన్నో దైక్‌స్ట్రాను మంచం మీద కుడిపక్కకు తిప్పింది. ఎడమచెయ్యి అతని భుజం కింద, కుడిచెయ్యి తుంటి కింద పెట్టి, మూడు లెక్కపెట్టి లాగాలి. ఆమె రెండు దగ్గరే లాగింది.

"రెండుకే లాగావు," అన్నాడు మెన్నో.

"నీకు లెక్కలు రావు."

"కదలడం రాదు గానీ లెక్కలొచ్చు అమ్మాయ్."

హిల్కాకు యాభై ఎనిమిది. మెన్నోకు నలభై నాలుగు. డచ్చి దేశపు గ్రోనింగెన్‌లో ఆ పల్లెల వైపు ఆడమనిషి ఏ వయసులో ఉన్నా అమ్మాయే.

మూడు దాకా ఆగితే తన భుజం పట్టేస్తుందని ఆమెకు శనివారం నుంచి భయం. ఆ రోజు స్నానాల గదిలో అతను ఆమె చేతుల్లోంచి జారిపోయాడు. నలభై నిమిషాలు నేల మీదే ఉన్నాడు. పక్కింటి రైతు వచ్చేదాకా ఆమె అతని తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఆమె అతని మడమలు చూసింది. ఎరుపు లేదు. వీపు చూసింది. నడుము దగ్గర రూపాయంత మేర ఎర్రగా ఉంది. అక్కడ లేపనం రాసింది. గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ ముంచి ముఖం, చంకలు, వేళ్ళ సందులు తుడిచింది. చొక్కా తొడిగింది, ముందు పని చేయని చేతికి, తర్వాత పని చేసే చేతికి. పని చేసే చెయ్యి అంటే కుడిచేతి రెండు వేళ్ళు. మిగతా కండరాలన్నిటినీ జబ్బు ఒక్కొక్కటిగా తీసుకుంది. ఆ రెండు వేళ్ళతోనే అతను చక్రాల కుర్చీ నడుపుతాడు, ట్యాబ్ పలక మీద టైపు చేస్తాడు.

ఆమె బంగాళాదుంప పిండి ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్ళు సంచులు కుట్టింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ ఇంటికి వచ్చింది. పదకొండేళ్ళయింది. ఆమె మొగుడు ఆసెన్‌లో వేరొకామెతో ఉంటున్నాడు. ఆ మాట ఆమె ఎత్తదు. మెన్నో వారానికోసారి ఎత్తుతాడు.

జీతం మెన్నో సంరక్షణ బడ్జెట్ నుంచి వచ్చేది. వారానికి ఎన్ని గంటల సాయం కావాలో పురపాలక సంఘం తేలుస్తుంది, అతను మనిషిని పెట్టుకుంటాడు. కాగితాల ప్రకారం అతను యజమాని. నెలనెలా గంటల పట్టీ నింపి, ఇద్దరూ సంతకం పెట్టి మూడు ఆఫీసులకు పంపేవారు. మెన్నో సంతకానికి పావుగంట పట్టేది. పోయిన శరదృతువులో ఉత్తరం వచ్చింది. ఆఫీసుల కంప్యూటర్లన్నీ కలిపేశామనీ, సమాచారం వాటంతటవే ఇచ్చిపుచ్చుకుంటాయనీ, ఇకపై మీరేమీ పంపనక్కర్లేదనీ. ఆ సాయంత్రం మెన్నో కేకు తెప్పించాడు. మిగిలిన ఖాళీ పట్టీలను ఆమె పొయ్యిలో వేస్తుంటే పక్కన కూర్చుని చూశాడు.

జనవరిలో ఆమె ఇల్లు పోయింది. అక్కడ నేల కింద గ్యాసు తీసినందువల్ల భూమి కదులుతుంది. గోడలకు పగుళ్ళు పాతవే. ఈసారి వంటగది గోడ బయటికి వాలింది. ఇంజనీర్లు దుంగలు ఆనించి, రెండు రోజుల్లో ఖాళీ చేయమన్నారు.

"మేడమీద గది ఖాళీగా ఉంది," అన్నాడు మెన్నో. "నేనెలాగూ పైకి రాను."

ఆమె అద్దె ఇస్తానంది. అతను తీసుకోనన్నాడు. ఇల్లు మారితే అయిదు రోజుల్లో చిరునామా నమోదు చేయించాలన్నది నియమం. మూడో రోజునే వెళ్ళి చేయించింది.

"ఎవరడిగారే నిన్ను?" అంది చెల్లెలు ఫోనులో. "నోరు మూసుకుని ఉండలేకపోయావా?"

"నియమం కదే."

నెల తిరగకుండా ఉత్తరం వచ్చింది. ఆ ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు ఉంటున్నట్టు నమోదైంది. ఒకరికొకరు చేసుకునే పని ఇంటిపనే. దానికి బడ్జెట్ లేదు. వారానికి నలభై ఆరు గంటలు నాలుగయ్యాయి. వారాంతాల్లో వచ్చే మనిషి మానేసింది. హిల్కా మానలేదు. ఏడు వారాలుగా వారానికి ఏడు రోజులూ తనే చేస్తోంది.

సోమవారం ఇంకో కబురు వచ్చింది. గంటలు తగ్గడంతో, సాయం చేసేవారు లేని మనిషిగా మెన్నో పేరు రోగుల వసతిగృహం జాబితాకు దానంతటదే చేరింది. ఎమ్మెన్ ఊళ్ళో ఒక మంచం ఖాళీ అయింది. మంగళవారం నాలుగులోగా చెప్పాలి. లేకపోతే అది తర్వాతి వాళ్ళకు.

"వద్దను," అంది హిల్కా. "నాలుగులోగా ఈ చిక్కు నేను విప్పి వస్తాను."

పన్నెండుకు అతనికి రొట్టె, జున్ను ముక్కలు చేసి పెట్టింది. స్ట్రాతో కాఫీ తాగించింది. కుర్చీలో కిటికీ ముందు కూర్చోబెట్టి, పలకను రెండు వేళ్ళ కింద సర్దింది. మూడు గంటల సేపు అలా ఉండగలడు. ఆమె కారు తీసింది.

పురపాలక కార్యాలయంలో గంటన్నర వరసలో నిలబడ్డాక ఆమె వంతు వచ్చింది. కౌంటరు వెనక అమ్మాయి పేరు మారిట్ అని చీటీ మీద ఉంది. హిల్కా కవరు తీసింది.

"కాగితాలేం వద్దు మేడమ్. అన్నీ తెరమీదే ఉన్నాయి."

"ఉన్నాయి. అదే వచ్చిన చిక్కు."

మారిట్ చదివింది. చాలాసేపు పట్టింది. "అద్దె ఒప్పందం ఉందా మేడమ్?"

"లేదు. ఆయన అద్దె తీసుకోనన్నాడు."

"తీసుకుని ఉంటే మీరు అద్దెకున్న మనిషి. గంటలకేం అయ్యేది కాదు. తీసుకోలేదు కాబట్టి ఇంటిమనిషి."

"నేను పనిమనిషిని. పదకొండేళ్ళుగా."

"నాకు తెలుస్తోంది. కంప్యూటరుకు తెలీదు. అభ్యంతరం పెట్టుకోవచ్చు. పద్దెనిమిది వారాల్లో జవాబిస్తారు."

"నాకు నాలుగింటి దాకే ఉంది."

మారిట్ గోడ గడియారం చూసింది.

"అయితే ఆ ఇంట్లోంచి నా పేరు తీసెయ్యండి."

"ఎక్కడికి మారుస్తున్నారు?"

"మా ఇంటికి."

మారిట్ రెండు మీటలు నొక్కింది. "ఆ ఇల్లు నివాసానికి పనికిరాదని ఉంది. పోయిన వారమే అదీ ఇందులో కలిసింది."

"అదీ చెప్పేసుకున్నాయా? నా మీద ఇంత మాట్లాడుకుంటాయి, ఒక్కదానికీ నన్నడగాలని తోచలేదు."

"అక్కాచెల్లెళ్ళెవరైనా..."

"చెల్లెలు ఒక అద్దె గదిలో ఉంటుంది. ఇంకో మనిషిని పెట్టుకోనివ్వరు. కారులో ఉంటానని రాసుకోండి."

"కారు చిరునామా కాదు మేడమ్."

"మరి చక్రాలున్నవాటిలో దేన్ని రాసుకుంటారు?"

మారిట్ నవ్వబోయి ఆగింది. ఫోను తీసి పై అధికారిని అడిగింది. తిరిగి పిలుస్తామన్నారు. ఇరవై నిమిషాలు గడిచాయి. హిల్కా కూర్చోలేదు. వెనక వరసలో ముగ్గురు పోగయ్యారు.

"మేడమ్." మారిట్ తెరవైపే చూస్తోంది. "దైక్‌స్ట్రా గారు ఒప్పుకున్నారు. ఒంటి గంట పన్నెండుకి. ఇప్పుడే ఇక్కడికి వచ్చింది."

"ఏది వచ్చింది?"

"మంచం. అవునని నొక్కారు. బండి కూడా కుదిరింది."

"వెనక్కి తీసుకోవచ్చా?"

"ఆయనే తీసుకోవాలి. మీరు కాదు."

దారి పాతిక నిమిషాలు. తుప్పు పట్టిన ట్రాక్టరు ఒకటి ముందుండి దారి ఇవ్వలేదు. ఆమె చేరేసరికి ఇంటి ముందు ర్యాంపు దించిన వ్యాను ఉంది. డ్రైవరు కుర్చీకి పట్టీలు బిగిస్తున్నాడు. ఒక నర్సు మందుల డబ్బా పట్టుకుని నిల్చుంది.

"మోయ్," అన్నాడు మెన్నో. ఆ వైపు వచ్చినప్పుడూ పోయేటప్పుడూ అనేది అదే.

"నన్నడగలేదే."

"అడిగితే వద్దంటావు."

"అంటాను."

"శనివారం నలభై నిమిషాలు నువ్వు ఒక చేత్తో భుజం నొక్కుకోవడం చూస్తూ పడుకున్నాను. ఇంకోసారి చూడను."

"మారిట్ అని ఒకమ్మాయి ఉంది. పై అధికారి ఫోను చేస్తానన్నాడు."

"చెయ్యనీ. గది నీదే. ఆ చిరునామాలో ఇక నువ్వొక్కదానివే. ఎవరూ ఏమీ అనరు."

ఆమె అతని చొక్కా పైబొత్తాం పెట్టింది. నడుము దగ్గర ఎరుపు గురించి నర్సుకు చెప్పింది. మూడు గంటలకోసారి తిప్పాలని చెప్పింది. లాగేముందు మూడు లెక్కపెట్టాలని చెప్పింది. నర్సు తల ఊపింది.

మూడు యాభై రెండుకు వ్యాను కదిలింది. వీధి చివర ఎడమకు తిరిగింది.

నాలుగు పదికి పురపాలక కార్యాలయం నుంచి ఫోను మోగింది. హిల్కా తీయలేదు. మంచం దుప్పట్లు తీసి మడిచింది. గిన్నెలు కడిగింది.

గుమ్మం లోపల చాప మీద మెన్నో బూట్లు ఉన్నాయి. నల్లవి, నలభై మూడో నంబరు, ఆరేళ్ళ కింద కొన్నవి. డ్రైవరు అతన్ని మేజోళ్ళతోనే, మోకాళ్ళ మీద దుప్పటి కప్పి తీసుకెళ్ళాడు. కుడి బూటు అడుగున ధర చీటీ ఇంకా అంటుకునే ఉంది.