వెనక పోర్షనులో సముద్రం

పొద్దున్నే వాకిట్లో కళ్లాపి జల్లాక గౌరీశ్వరి చీపురు పట్టుకుని వెనక పోర్షనుకి వెళ్తుంది. అక్కడ తూర్పుగోడకి పగులుంది. అందులోంచి సముద్రపు ఇసక రాలుతుంది. పలాసకి సముద్రం పక్కనేమీ లేదు. అయినా ఆ పగులు దగ్గర చెవి పెడితే కెరటాల హోరు వినిపిస్తుంది. ఆ పోర్షనులో అద్దెకున్న వైకుంఠరావుది ఉద్దానంలో తీరం పక్క ఊరు. కిడ్నీలు పాడై, డయాలసిస్ కోసం పెళ్లాం భవానితో ఇక్కడికి చేరాక పడిన పగులది. వీధిలో ఎవరికీ అది వింత కాదు. ఉప్పుగాలికి బీరువా తుప్పు పడుతుందని మాత్రం గౌరీశ్వరిని హెచ్చరించేవారు.

ఆవిడ బాధ వేరు. కూతురు కీర్తి ఏడోనెలలో కడుపు పోయి పుట్టింటికొచ్చింది. కంటికి కునుకు లేదు, నోటికి ముద్ద లేదు. ముందు గదుల్లో లారీల రొద. వెనక పోర్షను బాగుచేయించి పిల్లని అక్కడ పడుకోబెట్టాలని తల్లి ఆరాటం.

"గోడ బాగుసెయ్యనివ్వవు, ఇల్లు ఖాళీ సెయ్యవు. ఇదేటి న్యాయం భవానీ?"

"ఆ హోరు ఇనకపోతే ఆయనకి నిద్దరట్టదు పిన్నీ. ఇంకో ఇంట్లో సముద్రం ఉంటాదేటి?"

మాటామాటా పెరిగింది. భవాని అడ్డం పడుతున్నా వినకుండా గౌరీశ్వరి మేస్త్రీ సూర్యం చేత పగులు పూడిపించింది. వారం తిరక్కుండా పూత ఊడిపడింది. మళ్లీ పూస్తే మళ్లీ అంతే. పూతకి ఆవిడిచ్చిన ఇసక మీద సూర్యానికి అనుమానమొచ్చింది.

"ఈ ఇసక ఎక్కడిదమ్మా?"

"పగుల్లోంచి రాలిందే. తుడిసి బస్తాకెత్తాను."

ఊరికే వచ్చిన ఇసకని పారబొయ్యడానికి ఆవిడకి చేతులు రాలేదు మరి. సూర్యం నెత్తి కొట్టుకున్నాడు. "ఉప్పిసకతో పూత నిలుత్తాదేటమ్మా? వంశధార ఏటి ఇసక తెప్పించండి."

ఆ ఇసక దిగిన మధ్యాహ్నం కీర్తి గదిలో కనిపించలేదు. గౌరీశ్వరి ముందు గదులన్నీ చూసింది. వెతుక్కుంటూ వెనక్కి వెళ్లింది. ఆస్పత్రి నుంచి వచ్చిన వైకుంఠరావు మంచం మీద నిద్రపోతున్నాడు. కింద చాప మీద, పగులుకి చెవి ఆనించి కీర్తి నిద్రపోతోంది. భవాని ఆ పిల్ల తల నిమురుతోంది.

"బాగా ఏడిసింది పిన్నీ," అంది గొంతు తగ్గించి. "గెంజి తాగింది. అలాగే పడుకుంది."

బిడ్డ పోయిన దగ్గర్నుంచీ కీర్తి కంట చుక్క రాలలేదు. గౌరీశ్వరి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. ఈ భవానినా తను అన్నేసి మాటలంది? సిగ్గేసింది. ఆ వెంటే భవాని మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

"మీరెక్కడికీ ఎల్లొద్దు," అంది.

వెనకాల సూర్యం సిమెంటు బస్తా దించుతున్నాడు. "పూసెయ్యమంటారేటమ్మా?"

"మెల్లగా మాటాడు. పూతొద్దు. గోడ తొలిసి కిటికీ ఎట్టు, పెద్దదే ఎట్టు," అంటూ గౌరీశ్వరి గుమ్మంలో చతికిలబడింది. "ఆళ్లు లేసినాకే మొదలెట్టు."