గుమ్మం బయటి జతలు

ఎనిమిదో కుర్చీకి ఒక కాలు పొట్టి. కృపమ్మ దాని కింద కొబ్బరిచిప్ప ముక్క దోపి, ఊపి చూసి, కుర్చీల వలయం పూర్తిచేసింది. రాజోలు దగ్గర ఆ హైస్కూల్లో పందొమ్మిదేళ్లుగా ఆయా. ఈ రోజుతో సరి.

ప్రతి గురువారం అమలాపురం నుంచి కౌన్సెలింగ్ మేడమ్ స్టెల్లా వస్తుంది. చదివేటప్పుడు అక్షరాలు తారుమారయ్యే ఏడుగురు పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి, "మీకేం వచ్చో చెప్పండి" అంటుంది. కృపమ్మ మొదట్లో అదేదో కొత్తరకం శిక్ష అనుకుంది.

"నాకేం రాదండి" అన్నాడు బన్నీ హుషారుగా.

"నాకూ సేమేనండి" అన్నాడు జీవన్.

శ్రీదుర్గ అది కూడా అనలేదు. ఆరు వారాలుగా ఆ పిల్ల అక్కడ నోరు విప్పలేదు. ఎడమా కుడీ తెలియదని టీచర్లు విసుక్కుంటారు. రేపటినుంచి బడి మానేస్తానని పొద్దున్న కుళాయి దగ్గర కృపమ్మతో అంది. అప్పట్నుంచి కృపమ్మకి సాయంత్రం జరగబోయే సన్మానం మీద, శాలువా మీద ధ్యాసే లేదు.

ఒకటి మాత్రం ఆమె కనిపెట్టింది. లోపలికొచ్చే ముందు ఆ పిల్ల గుమ్మం బయటి బూట్లన్నీ జతలు కలుపుతుంది. అన్నీ ప్రభుత్వం ఇచ్చిన ఒకే అచ్చు నల్లబూట్లు.

కృపమ్మ బయటికెళ్లి రెండు బూట్లు తెచ్చి వలయం మధ్యలో పెట్టింది.

"మేడమ్‌గారండీ, నాకు అక్షరం ముక్క రాదండి. ఎవరి బూట్లేవో మాత్రం ఇట్టే చెప్పేత్తానండి. ఇయ్యి జీవన్‌బాబు జత."

పొట్టికాలు కుర్చీ కిర్రుమంది.

"కాదండీ!" శ్రీదుర్గ లేచి నిలబడింది. "ఇది బన్నీదండి. ఆడి సైకిలుకి బ్రేకుల్లేవండి, ఎడంకాలు నేలకేసి ఆపుతాడు, అందుకే ముందువైపు అరిగింది. అయినా రెండూ ఎడమవేనండి, జతెలా అవుద్దండి?"

"బ్రేకుల సంగతి మా నాన్నకి చెప్పకండి మేడమ్!" అన్నాడు బన్నీ.

"ఎడమవని ఎలా తెలిసిందమ్మా?" అంది స్టెల్లా.

"చూత్తే తెలవదాండీ?"

"మరి నీకేం వచ్చు?"

శ్రీదుర్గ బూట్ల వంక చూసింది. "ఇదొచ్చండి. వచ్చే గురువారం టీచర్లవీ చెప్తానండి."

కృపమ్మ నవ్వు కనపడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సాయంత్రం హెడ్మాస్టర్ సుబ్బరాజుగారు శాలువా కప్పి, ఆమె సేవలన్నీ తప్పులేకుండా చదివి, పేరు దగ్గర మాత్రం కరుణమ్మ అన్నారు. బయట ఆటో హారన్ కొడుతోంది. కృపమ్మ గబగబా వెళ్లిపోయింది.

ఆటో మలుపు తిరిగాక స్టెల్లా గుమ్మం దగ్గర వెతుక్కుంది. "నా చెప్పులేవీ?"

"ఆయమ్మగారు ఏసుకెళ్లిపోయేరండి" అంది శ్రీదుర్గ. వంగి, అక్కడ మిగిలినవి పక్కపక్కన సర్దింది. పిన్నీసు గుచ్చిన పాత హవాయి చెప్పులు, ఎడమది ఎడమన, కుడిది కుడిన.