హేరోదు కుట్టిన జోబు దిండ్లు

"దాన్దేముంది అయ్యగారూ, సండే స్కూలు పిల్లకాయలందరికీ మా ఇంట్లో కుట్టిస్తాం," అని సంఘం మీటింగులో జడ్సన్ లేచి నిలబడి చెబుతున్నప్పుడు, అతని భార్య ఏంజెలిన్ చర్చి వెనక కొళాయి దగ్గర టీ గ్లాసులు కడుగుతోంది. కుట్టించాల్సినవి జోబు దిండ్లు. జడ్సన్ ఫోన్‌లో చూశాడు. ఎర్రగుడ్డ దిండు, దాని మీద తెల్ల నక్షత్రం, ముందువైపు ఒక జోబు. ఆ జోబులో బొమ్మల పుస్తకం, బిస్కెట్ పొట్లం పెట్టి క్రిస్మస్ రాత్రి చేతికిస్తే, పిల్లలు బిస్కెట్ తిని, పుస్తకం చదివి, దాని మీదే నిద్రపోతారట. పాస్టరు అయ్యగారు సంతోషించారు. పెద్దలు చప్పట్లు కొట్టారు. కొళాయి దగ్గర ఏంజెలిన్ కూడా, ఎందుకో తెలియకుండానే, తడిచేతులతో రెండు తట్టింది.

తను దేనికి చప్పట్లు కొట్టిందో ఇంటికొచ్చాక తెలిసింది. కుట్టిస్తాం అన్న ఈ 'ఇంచు' జడ్సన్ మాటల్లో కొత్తదేమీ కాదు. పెళ్లయిన కొత్తలో "మా ఇంటికి రండి, చేపల పులుసు వండిస్తా" అని అతను దారిన పోయేవాళ్ళందర్నీ పిలుస్తుంటే, ఈయన కింద వంటవాళ్ళు ఎంతమంది ఉన్నారో అని మురిసిపోయింది. తర్వాత చూసుకుంటే ఆ వంటవాళ్ళంతా తనే. ఉతికిస్తా, తోమిస్తా, పెట్టిస్తా అంటుంటే వినేవాళ్ళకు ఇంటినిండా నౌకర్లు తిరుగుతున్నట్టే ఉంటుంది. తెలుగు వ్యాకరణం రాసిన మహానుభావుడెవరో గాని, పెళ్లాన్ని మాటలో కనిపించకుండా దాచిపెట్టడానికే ఆ రెండక్షరాలు కనిపెట్టి ఉంటాడని ఆమె అనుమానం. ఆయనకూ ఒక ఇల్లాలు ఉండే ఉంటుంది. ఆమె చేత ఆ పుస్తకం రాయించే ఉంటాడు.

కష్టమేమిటంటే, ఈ ఏడు ఏంజెలిన్‌కు వేరే పని ఉంది. స్త్రీల సమాజం వేసే క్రిస్మస్ నాటకంలో పాస్టరమ్మ ఆమెకు హేరోదు వేషం ఇచ్చింది. పసిబిడ్డ యేసు దొరకలేదని రెండేళ్ళలోపు బిడ్డలందర్నీ చంపించిన ఆ రాజు వేషానికి గొంతు కావాలి. ఏంజెలిన్ గొంతు సంగతి ఇందుకూరుపేట మండలంలో తెలియనివాళ్ళు లేరు. రొయ్యల చెరువుల మీద నీళ్ళు చిలికే ఏరేటర్లన్నీ ఒక్కసారిగా మోగుతుంటే, ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీది మొగుణ్ణి అన్నానికి పిలిచే గొంతు అది. ఆ పిలుపుకి ఒకసారి మైపాడులో వేటకు పోయిన పడవలు రెండు నడిసముద్రంలోంచి వెనక్కి తిరిగాయని, అందులోని మగవాళ్ళు ఎవరిళ్ళకు వాళ్ళు పోయి చేతులు కడుక్కుని పీటల మీద కూర్చున్నారని చెబుతారు. మూడు పడవలనేవాళ్ళూ ఉన్నారు. అంత అతిశయం మనకెందుకు.

బడిలో పద్యాలు పాడి బహుమతులు కొట్టిన గొంతు, పెళ్లయ్యాక అన్నం పిలుపుకే మిగిలింది. ప్రతి క్రిస్మస్‌కీ ఆమె తెర వెనక ఉండి దేవదూతల రెక్కలకు పిన్నీసులు పెట్టింది. ఈసారి తెర ముందుకు రావాలి. ఒక్క రాత్రి తను మాట్లాడుతుంటే ఊరంతా కూర్చుని వినాలి. ఆమె కోరిక అంతే.

"హేరోదు ఏంది మే, ఆడదానివి. నీ పేరే ఏంజెలిన్. రెక్కలు కట్టుకోని ఒక పక్కన నిలబడు, బాగుంటాది," అన్నాడు జడ్సన్. "రిహార్సలు రిహార్సలని సాయంత్రాలు పొయ్యి కూసుంటే దిండ్లెవరు కుడతారు? అయ్యగారికి మాటిచ్చినా."

"ఆ హేరోదు పురుగులు పడి సచ్చినాడు. మనింటికెందుకు ఆ వేషం," అని అత్త రెబెక్కమ్మ మంచం మీద నుంచి తీర్పు చెప్పింది.

ఏంజెలిన్ కుట్టుమిషన్ తొక్కుతూ ఇంట్లోనే రిహార్సలు మొదలుపెట్టింది.

బూరుగుదూది ఇల్లంతా ఎగిరింది. రసంలో తేలింది. ఒక్కపూటలో జడ్సన్ మీసం నెరిసింది. మొదటి దిండు రెబెక్కమ్మ తీసేసుకుంది. "పిల్లకాయల తల ఎంత, నా నడుమెంత," అని దాన్ని వీపు వెనక పెట్టుకుని, జోబులో కళ్ళద్దాలు దాచుకుంది. మిగిలినవాటితో ఏంజెలిన్ తన పాత్ర నేర్చుకుంది. నక్షత్రం చుట్టూ కుట్టేటప్పుడు గొంతు మెత్తగా, మోసంగా ఉండాలి: "జ్ఞానులారా, ఆ శిశువు జాడ నాకూ చెప్పండి, నేనూ వచ్చి మొక్కుతాను." దూది కూరేటప్పుడు మాత్రం రాజుకు కోపం రావాలి. మాటకొక పిడికిలి చొప్పున కూరింది. దిండ్లు రాళ్ళలా వచ్చాయి. ఎంత హాయిగా ఉందో ఆమెకే ఆశ్చర్యమేసింది. రాజుకు కోపమొస్తే కోపం వచ్చిందంటారు. తనకు కోపమొస్తే ఒంట్లో బాగలేదా అంటారు.

కొడుకు వద్దన్నాక ఆ వేషం సంగతి ముగిసిపోయిందనే రెబెక్కమ్మ అనుకుంది. ఒక మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి పక్కగదిలో మగగొంతు. "నేనుండగా ఇంకో రాజా? ఒక్క బిడ్డను కూడా బతకనీయొద్దు." తలుపు సందులోంచి చూస్తే, తలంతా తెల్లటి దూదితో కోడలు ఎర్రదిండును గుద్దుతోంది. రెబెక్కమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా పాస్టరుగారింటికి పరుగెత్తింది.

"అయ్యగారూ, మా కోడలికి దెయ్యం పట్టింది."

అయ్యగారు నూనెసీసా పట్టుకుని, ప్రార్థన గుంపు ఆడవాళ్ళను వెంటేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. "ఎవరు నువ్వు? నీ పేరేంది?" అని గట్టిగా అడిగారు.

పాత్ర ఎంతవరకు వచ్చిందో పరీక్షించడానికి స్వయంగా వచ్చారనుకుంది ఏంజెలిన్. లేచి నిలబడి గొంతు సవరించుకుంది. "హేరోదును. ఈ దేశానికి రాజును."

వెనక ఎవరో అమ్మో అన్నారు.

"ఈ ఇంటికి ఎందుకు వచ్చినావు?"

ఈ ప్రశ్న నాటకంలో లేదు. అయినా రాజు తడబడకూడదు గదా. "ఇది నా ఇల్లే. అడగడానికి నువ్వెవరు?"

ప్రార్థన గుంపు ఒక్క అడుగులో వీధిలో ఉంది. అయ్యగారి చేతిలోని సీసా దిండు మీద పడి, నూనె నక్షత్రమంతా పాకింది. అప్పుడే ఆయాసపడుతూ వచ్చిన పాస్టరమ్మ ఆ చివరి మాటలు విని నవ్వు ఆపుకోలేకపోయింది. "రిహార్సలుకి రావడంల్యా, ఎట్టా అని నేను దిగులుపడతా ఉంటే, పాత్రంతా నోటికొచ్చేసిందే." అయ్యగారు ముఖం తుడుచుకుని, వదిలించడానికి మొదలుపెట్టిన ప్రార్థనను కృతజ్ఞతా ప్రార్థనగా ముగించారు.

అంతలో జడ్సన్ చెరువు దగ్గర నుంచి వచ్చాడు. రేపటినుంచి చర్చిలో తెర కట్టి రిహార్సలని పాస్టరమ్మ చెప్పింది.

"మరి దిండ్లు? ఇంకా శానా ఉండాయి. నా పరువేం గావాల?"

అందరూ ఏంజెలిన్ వైపు చూశారు. "మాటిచ్చింది మీరు," అంది ఆమె. "మిషన్ ఆడుండాది. దారం ఎక్కించి పెట్టినా."

"నాకు కుట్టడం వస్తాదా?"

"నాకూ పుట్టినప్పుడు రాలేదండీ."

క్రిస్మస్ రాత్రి ఆమె హేరోదు ఎలా ఉందంటే, "ఎక్కడ ఆ శిశువు" అని ఒక్క అరుపు అరిచేసరికి, రెండేళ్ళలోపు బిడ్డలున్న తల్లులు లేచి పిల్లల్ని చంకనేసుకుని రోడ్డెక్కారు. యోసేపు వేషం వేసిన లిల్లీ అయితే ఇంకో రంగం ఉండగానే మరియను లాక్కుని ఐగుప్తుకు పారిపోయింది.

తర్వాత దిండ్లు పంచారు. జడ్సన్ కుట్టిన అయిదారు దిండ్లకు జోబులు నాలుగువైపులా మూసుకుపోయి ఉన్నాయి, లోపల బిస్కెట్లతో సహా. అవి వచ్చిన పిల్లలు పళ్ళతో పీకుతున్నారు. అయ్యగారు మైకులో, "ఈ దిండ్లన్నీ కుట్టించిన సహోదరుడు జడ్సన్ గారికి..." అంటుండగానే జడ్సన్ మైకు అందుకున్నాడు.

"కుట్టించలేదయ్యగారూ. నా చేత్తో కుట్టినా," అని, గుడ్డ చుట్టిన వేలు ఎత్తి చూపించాడు.

చర్చి రేకులు అదిరేలా చప్పట్లు మోగాయి. మగవాడు సూది పట్టాడని అయ్యగారు కళ్ళు ఒత్తుకున్నారు. ముందు వరసలో ఒకావిడ ఏంజెలిన్ వైపు వంగి, "ధన్యురాలివి మే, ఇట్టాంటి మొగుడు దొరికినాడు," అంది. మిగిలిన దిండ్లు ఎవరు కుట్టారని ఎవరూ అడగలేదు. గడ్డంతో, బంగారు కాగితం కిరీటంతో సింహాసనం మీద కూర్చున్న ఏంజెలిన్ ఆ చప్పట్లు ఆగేదాకా వింది.

బయట షామియానా కింద ప్రేమవిందుకు ఆకులు పరిచారు. మొదటి బంతి ఎప్పుడూ మగవాళ్ళదే. ఆడవాళ్ళు వడ్డించి, చివర మిగిలింది తింటారు.

"గడ్డం పీకేసి రా మే, వడ్డించాల," అని కేకేసింది రెబెక్కమ్మ.

ఏంజెలిన్ గడ్డం తీయలేదు. కిరీటం సరిచేసుకుని నడిచి వచ్చి, మొదటి బంతిలో సంఘపెద్దలు గంగులయ్యకూ ఆనందబాబుకూ నడుమ కూర్చుంది. గంగులయ్య ఏమీ తోచక కొంచెం జరిగాడు. వడ్డించేవాళ్ళలో ఒకరు తగ్గారు. బకెట్ ఎవరో జడ్సన్ చేతికిచ్చారు. అతను బిర్యానీతో వచ్చి ఆమె ఆకు ముందు ఆగిపోయాడు.

"ఏందిది, అందరూ చూస్తుండారు," అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

ఆమె ఆకు మీద నీళ్ళు చిలకరించి, అరచేత్తో తుడిచింది.

"ముక్కలు అడుగున ఉంటాయి, కలిపి వెయ్యి," అంది. పెళ్లయిన నాటినుంచి మొగుణ్ణి ఆమె నువ్వు అనడం అదే మొదలు. అన్నది హేరోదు గొంతుతో కాదు.