నున్నంచు మొక్క

పరులి ఎనిమిదేళ్లు ఒకే మొక్క వెంట పడింది. మా కుమావూఁ కొండల్లో గంజాయిని నార కోసం, గింజల కోసం వేస్తాం. దాని ఆకు అంచుకు రంపపు పళ్లుంటాయి. ఒక ఏడు ఆమె చేలో ఒక మొక్క ఆకుకు మాత్రం పళ్లు లేవు, అంచు నున్నగా ఉంది. నార ఒలిస్తే మెత్తగా వచ్చింది.

దాని గింజలు వేస్తే అన్నీ రంపపు మొక్కలే లేచాయి. పరులి వదల్లేదు. వాటి గింజలూ వేసింది. మరుసటి ఏడు నాలుగింట ఒకటి నున్నగా వచ్చింది. అప్పట్నుంచి నున్నవే ఉంచింది. పైరు నాలుగాకులు వేయగానే ఎక్కడైనా పళ్లు కనబడితే, పక్కచేల పుప్పొడి సోకిందని తెలిసి పీకేసేది. ఆమె పక్కనే కూర్చుని పీకింది తోడికోడలు ఖష్టి.

ఎనిమిదో ఏటి చలికాలం పరులి ఆపరేషన్‌కి హల్ద్వానీ పట్నం వెళ్తూ గింజలున్న సొరబుర్ర ఖష్టి చేతికిచ్చింది.

"ఎలకలుంటాయి, జాగర్తే."

"నీ ప్రాణం నా దగ్గరుంటే ఎక్కడికి పోతుందక్కా!" అని నవ్వింది ఖష్టి.

చైత్రంలో విత్తారు. నాలుగాకులు వచ్చాక పరులి చేలో కూర్చుంది. పళ్లున్న మొక్క, పీకింది. పక్కదీ అంతే. మూడో మడి చివరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. నున్నటిది ఒక్కటీ లేదు.

ఖష్టి రాగిరొట్టె, ఉలవపప్పు తెచ్చి, "గాలి అక్కా, కింది చేల పుప్పొడి..." అంది.

"గాలైతే పదిలో మూడు చెడతాయే. అన్నీ చెడవు. ఇవి నా గింజలు కావు. ఎవరికిచ్చావు?"

ఖష్టి తల దించుకుంది. "విత్తనాలమ్మే ఆయనొకడు వచ్చాడు. తను అమ్మే పొట్లం మీద నా పేరు వేస్తానన్నాడు."

"గుప్పెడైనా దాచలేదా?"

"దాచొద్దన్నాడు. బుర్రలో మామూలు గింజలు పోశాను. ఎనిమిదేళ్లు నీతో పీకానక్కా. వచ్చినవాళ్లకి 'నా మొక్క' అన్నావే గానీ, ఒక్కసారైనా 'మా మొక్క' అన్నావా?"

"అడిగితే సగం ఇచ్చేదాన్నే!"

"అడిగించుకుని ఇస్తే అది సగమెట్లా అవుద్ది?"

పరులి రొట్టె ముట్టకుండా లేచిపోయింది.

మరుసటి ఏడు బజారుకు పొట్లాలొచ్చాయి. మీద నున్నంచు ఆకు బొమ్మ, కింద విత్తనాలాయన కూతురి పేరు. ఖష్టి దాన్ని చూసి అక్కడే ఏడ్చింది. పరులి ఓదార్చలేదు. కొట్టువాడు "మంచి రకం వదినా, కొత్తగా వచ్చింది" అంటుంటే విని, రెండు పొట్లాలు కొనుక్కుంది. దారి పొడుగునా ఖష్టికి పది అడుగులు ముందే నడిచింది.